సరిహద్దులో తెలుగు రాత: ఏఐ వచ్చాక మిగిలే పని ఏది?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో తెలుగులో రాసి బతుకుదామనుకునే కుర్రకారుకు ఇప్పుడు ఇంట్లోనూ బయటా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. అడిగితే ఫోనే రాసిపెడుతుంటే నీకెవరు డబ్బులిస్తారు? ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఆ ఊళ్లలో అంతకంటే పాత ప్రశ్న ఇంకోటి ఉంది. ఏఐ రాకముందు తెలుగు రాసినందుకు అక్కడ ఎవరు, ఎంత ఇచ్చారు? ఆ సంగతి తేల్చుకోకుండా, హైదరాబాద్ టీవీ చర్చల్లో వినిపించే వాదనను తెచ్చి సరిహద్దుకు అతికిస్తే పొంతన కుదరదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. 1954 చట్టంతో ఒడియా అధికార భాష అయింది. తహసీల్ ఆఫీసు, బడి, ఉద్యోగ పరీక్ష క్రమంగా అటు మళ్లాయి. తెలుగుకు ఇల్లు, బజారు, గుడి, సినిమా హాలు మిగిలాయి. రాత రూపంలో మిగిలింది ఇంకా తక్కువ: శుభలేఖలు, కొట్ల బోర్డులు, పొద్దున్నే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే పత్రిక. మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్, దేగ్లూర్‌లలోనూ ఇంచుమించు ఇదే కథ. ఒడియా ఉన్నచోట మరాఠీ పెట్టుకుంటే సరిపోతుంది.

పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరడమే ఉన్నవాటిలో గౌరవమైన దారి. దానికి జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఎంతో కొంత వస్తుంది. ఆదాయమంటూ కనిపించేది యాడ్స్ మీద కమీషన్. ఉగాది, ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితే వార్తలు పక్కనపెట్టి కొట్లు, కాలేజీలు, నాయకుల ఇళ్ల చుట్టూ తిరగాల్సిందే. సూటిగా చెప్పాలంటే ఆ డబ్బు రాసినందుకు వచ్చేది కాదు, విలేకరి అన్న పలుకుబడికి వచ్చేది. మిగతా దారులు ఇంకా సన్నవి. డీటీపీ సెంటర్లో శుభలేఖలు, కరపత్రాలు కొట్టడం. ఒడియా కాగితం చదివి తెలుగులో చెప్పి, అర్జీ రాసిపెట్టడం. కథల పోటీలకు పంపడం. గత పదేళ్లలో వీటికి ప్రతిలిపి లాంటి కథల యాప్‌లు, యూట్యూబ్ స్క్రిప్టులు తోడయ్యాయి.

ఏఐ వచ్చి పడింది ఈ పునాది మీదే. రాతతోనే ఇల్లు గడిచే వ్యవస్థ ఏదో ఇక్కడ ఉండేదనీ, దాన్ని యంత్రం కూల్చేసిందనీ అనుకుంటే లెక్క తప్పుతుంది.

పోయిన పని

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2023 జూలైలో, ఒడిశాలో ఓటీవీ ఛానెల్ లిసా అనే ఏఐ యాంకర్‌ను తెరమీదికి తెచ్చింది. అదే నెలలో తెలుగులో బిగ్ టీవీ మాయాను పరిచయం చేసింది. అప్పట్లో అవి ప్రచారం కోసం చేసినట్టే ఉన్నాయి, చూసినవాళ్లు నవ్వుకున్నారు కూడా. నిజమైన మార్పు తెరమీద కాకుండా డెస్కులో, డీటీపీ సెంటర్లో వచ్చింది.

తెలుగు దానికి సరిగ్గా రాదులే అన్న ధీమా కొంతకాలం నడిచింది. దానికి కారణం లేకపోలేదు. చాట్‌జీపీటీ లాంటి ఏఐ నమూనాలు వాక్యాన్ని టోకెన్లు అనే చిన్న ముక్కలుగా కోసి, తర్వాత వచ్చే ముక్క ఏదై ఉంటుందో అంచనా కడుతూ పోతాయి. కోసే పద్ధతి ఇంగ్లిష్‌కు అనువుగా తయారైంది కాబట్టి తెలుగు అక్షరాలు మరీ తునకలైపోయేవి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త నమూనాను విడుదల చేస్తూ చాట్‌జీపీటీ సంస్థ ఓపెన్‌ఏఐ ఒక చిన్న పలకరింపును ఉదాహరణగా చూపించింది. పాత పద్ధతిలో అది ఇంగ్లిష్‌లో 27 టోకెన్లు, తెలుగులో 159. కొత్త పద్ధతిలో ఇంగ్లిష్ 24కు, తెలుగు 45కు దిగాయి. ఖర్చు, వేగం టోకెన్ల లెక్కనే ఉంటాయి. దాంతో తెలుగులో రాయించుకోవడం ఒక్కసారిగా చవకైంది. భాష కూడా మెరుగుపడింది. ఇప్పుడు యంత్రం ఇచ్చే కాపీలో అక్షరదోషాలు చాలామంది విలేకరుల కాపీలో కంటే తక్కువని ఒప్పుకోవాలి.

ప్రెస్‌నోట్‌ను వార్తగా మార్చడం, కొట్టు ప్రారంభోత్సవానికి కరపత్రం, పండగ శుభాకాంక్షల ఫ్లెక్సీకి నాలుగు ముక్కలు, స్వాగతోపన్యాసం, యూట్యూబ్‌లో పురాణ కథల స్క్రిప్టు. వీటికి మనిషి దగ్గరకు వచ్చే అవసరం దాదాపు తీరిపోయింది. ఇవి మళ్లీ వెనక్కి వస్తాయని ఆశపెట్టడం కుర్రాళ్లను మోసం చేయడమే.

ఈ పనుల్లో డబ్బు కొంచెమే, వాటివల్ల అబ్బే చదువు మాత్రం చాలా. ప్రెస్‌నోట్ తిరగరాస్తూనే కొత్తవాళ్లకు ఏది ముందు చెప్పాలో తెలిసేది. నాలుగు పేరాలు రాసి పంపితే సబ్ ఎడిటర్ మూడు కొట్టేసేవాడు. మర్నాడు పేపర్లో మిగిలిన ఒక్క పేరా చూసుకుని ఎక్కడ తప్పామో గ్రహించేవాళ్లు. జిల్లా ఎడిషన్ల కాలం నుంచి తెలుగులో ఎంతోమంది అలాగే తయారయ్యారు. తొలి మెట్టును యంత్రం తీసుకుంది, మూడో మెట్టు మీదికి నేరుగా ఎగరమంటోంది. ఏఐతో రాయించి పంపే కొత్త కంట్రిబ్యూటర్ ఏడాది తిరిగేసరికి ఏమీ నేర్చుకోడు, పైగా నేర్చుకోలేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఉద్యోగాలు పోవడం కంటే ఇదే పెద్ద నష్టంగా కనిపిస్తుంది. దీనికి జవాబు పత్రికల దగ్గర లేదు, జర్నలిజం కళాశాలల దగ్గరా లేదు.

యంత్రానికి అందని కాగితం

ఏఐకి తెలిసింది ఎవరో ఎక్కడో రాసిపెట్టిందే. సరిహద్దు జిల్లాల గురించి తెలుగులో రాసిపెట్టింది కొద్ది, అందులోనూ నెట్‌లోకి ఎక్కింది మరీ కొద్ది.

దీనికి ఒక సాంకేతిక కారణం ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. డీటీపీ సెంటర్లు, ప్రెస్సులు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అను లాంటి ఫాంట్లతోనే పని నడిపాయి, కొన్ని ఇప్పటికీ నడుపుతున్నాయి. ఆ ఫైళ్లలో కంప్యూటర్‌కు కనిపించేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజి. ఫాంట్ తగిలిస్తేనే మన కంటికి అది తెలుగు. ఆలయ కమిటీల సావనీర్లు, కుల సంఘాల ప్రత్యేక సంచికలు, రిటైరైన మాస్టార్లు సొంత డబ్బుతో వేసుకున్న ఊరి చరిత్రలు చాలావరకు అలాంటి ఫైళ్లలోనో, చెదలు పట్టిన కాగితాల్లోనో ఉండిపోయాయి. యంత్రం దృష్టిలో అవి లేనట్టే లెక్క.

ఉదాహరణకు బరంపురం ఠాకురాణి యాత్ర తీసుకోండి. రెండేళ్లకోసారి వచ్చే ఈ ఉత్సవంలో బుధి ఠాకురాణి అమ్మవారు ఆడపడుచులా పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేరా నేతకారుల పెద్ద అయిన దేశీబెహరాది. తెలుగు మూలాలున్న నేతకుటుంబాలకు, ఒడియా నగరానికి మధ్య ఉన్న ఈ బంధం వెనక ఎన్ని తరాల కథలున్నాయో ఆ వీధుల్లో తిరిగితేగానీ తెలియదు. దీని మీద వ్యాసం రాయమంటే ఏఐ నిమిషంలో రాసేస్తుంది. భక్తులు పోటెత్తారనీ, నగరం ఆధ్యాత్మిక శోభతో వెలిగిపోయిందనీ, సంస్కృతీ సంప్రదాయాలకు నిలువుటద్దమనీ. ఆ మాటలు ఏ ఊరి జాతరకైనా సరిపోతాయి. తెలియనిచోట ఆగకుండా, అలవాటైన మాటలతో ఖాళీ నింపేయడం దాని స్వభావం. (ఇలా నింపే విద్య మన ఫీచర్ రచయితలకు ముందే వచ్చు, యంత్రం వాళ్ల దగ్గరే నేర్చుకుంది.)

పండగ వార్తలో ఇది చిన్న లోపమే. కొటియా లాంటి చోట చిన్నది కాదు. కోరాపుట్ జిల్లాలోవని ఒడిశా, తన మన్యంలోవని ఆంధ్రప్రదేశ్ చెప్పుకునే ఆ 21 ఊళ్ల వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ కొన్నిచోట్ల ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టు గడప తొక్కింది. ఆంధ్రలోని సాలూరు వైపు నుంచి వచ్చే ప్రెస్‌నోట్ ఇస్తే యంత్రం ఒక నిజం రాస్తుంది, ఒడిశాలోని పొట్టంగి వైపు నోట్ ఇస్తే ఇంకో నిజం. రెండూ కలిపి ఇస్తే ఇటు నాలుగు వాక్యాలు, అటు నాలుగు వాక్యాలు పంచి, ఉభయ ప్రభుత్వాలూ చర్చలతో పరిష్కరించుకోవాలని ముగిస్తుంది. అక్కడ రోడ్డు ఎవరు వేశారు, బడిలో ఏ భాష చెబుతున్నారు, రేషన్ ఏ వైపు నుంచి వస్తోంది అన్నవి వెళ్లి చూసొచ్చినవాళ్లు రాస్తేనే ఉంటాయి.

వెళ్లి చూడటం అనేసరికి ఈ ప్రాంతంలో గిడుగు రామమూర్తి పేరు రాక తప్పదు. తెలుగువాళ్లకు ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడిన పెద్దమనిషి, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి కారణమైన వ్యక్తి. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెబుతూ ఆయన సవర గిరిజనుల మాటను వాళ్ల నుంచే నేర్చుకున్నారు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన మొదలుపెట్టేనాటికి చదివి నేర్చుకోవడానికి ఆ భాషలో పుస్తకాలు లేవు, కాబట్టి వినడం తప్ప వేరే దారి లేదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు నిరసనగా ఊరు వదిలి రాజమండ్రి చేరారు. అదే ఏడాది మంగేయ్ గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. అది యూనికోడ్‌లో చేరేసరికి 2012 అయింది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన ఆది వాణి అనువాద యాప్ మొదట సంతాలీ, భిలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. గడ్చిరోలి వైపు వాళ్లకు గోండీ ఉండటం మేలే, గజపతి జిల్లా సవరలకు ఆ మొదటి జాబితాలో చోటు దొరకలేదు. గుణుపురం సంతలో తెలుగు, ఒడియా, సవర మూడూ మాట్లాడే మనిషికి పోటీగా ఇప్పట్లో ఏ యంత్రమూ రాదు. ఆ మనిషికి రాసే అలవాటు ఉందా అన్నదే చిక్కు.

యాస సంగతీ ఇంతే. పర్లాకిమిడి ముసలమ్మ మాటల్లో ఒక పేరా రాయమంటే ఏఐ సినిమా కమెడియన్ల నోట వినిపించే శ్రీకాకుళం యాసను దించేస్తుంది. పైపెచ్చు, విన్నది విన్నట్టు టైపు చేసి తప్పులు దిద్దమని ఇస్తే పత్రిక భాషలోకి చదును చేసి తిరిగిస్తుంది. దిద్దుబాటు కోసం దాన్ని వాడేవాళ్లు మాటల జోలికి పోవద్దని ప్రతిసారీ గట్టిగా చెప్పాలి, చెప్పాక కూడా పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

అనువాదాన్ని నమ్ముకోవచ్చా?

రెండు మూడు భాషలు రావడమే సరిహద్దు మనిషి ఆస్తి, అనువాదం మీద బతకమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ సలహా సగమే సరైంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లో, ఒడియా 2020లో వచ్చాయి. 2022 జూలైలో కేంద్రం భాషిణి అనే అనువాద వేదికను ప్రారంభించింది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం 2023లో 22 షెడ్యూల్డ్ భాషల మధ్య అనువదించే నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చింది. అచ్చులో ఉన్న ఒడియా నోటీసు సారాంశం ఇప్పుడు ఫోన్ కెమెరా చూపిస్తే తెలిసిపోతుంది. కాగితం చదివిపెట్టినందుకు యాభయ్యో వందో ఇచ్చే రోజులు వెళ్లిపోతున్నాయి.

పూచీ పడే పని మాత్రం నిలుస్తుంది. ఒడిశాలో పట్టా ఒడియాలో, మహారాష్ట్రలో సాత్‌బారా ఉతారా అనే భూమి కాగితం మరాఠీలో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగల రైతు వాటి ఆధారంగా పొలం కొంటాడు, బ్యాంకు అప్పుకు వెళతాడు, పరిహారానికి దరఖాస్తు పెడతాడు. పాత పట్టా చేతిరాతలో ఉంటుంది, దాని మీద ముద్ర పడి ఉంటుంది, కొలతలు పాత పద్ధతిలో ఉంటాయి. వాటా ఎంతో యంత్రం తప్పు చదివితే దాన్ని నిలదీసేదెవరు? అందుకే లాయర్లు, కొనుగోలుదారులు అనువాదం కింద సంతకం పెట్టే మనిషి కోసం చూస్తారు. ముసాయిదా ఏఐతో చేయించుకున్నా తప్పు లేదు. ప్రతి అంకె, ప్రతి పేరు అసలు కాగితంతో సరిచూసి, తేడా వస్తే నాదే బాధ్యత అని చెప్పగలగాలి. రేటు కూడా పేజీల మీద కాకుండా ఆ సరిచూసే పని మీద అడగాలి.

సాహిత్య అనువాదం ఇంకో దారి. ఒడియా కథ తెలుగులోకి చాలాసార్లు హిందీ మీదుగానో ఇంగ్లిష్ మీదుగానో వస్తుంది. నేరుగా తేగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. సాహిత్య అకాడమీ ఏటా 24 భాషల్లో అనువాదానికి ఇచ్చే బహుమతి 50,000 రూపాయలు. అది సంవత్సరం కష్టానికి కూలి కూడా కాదు. ఇది పేరు కోసం, ఇష్టం కోసం చేసే పని అనుకుని దిగితే నిరాశ ఉండదు.

డబ్బు, చదివేవాళ్లు, కాగితం మీద సంతకం

ఆడియో కథల యాప్‌లు ఇప్పుడు చాలామందిని ఆకర్షిస్తున్నాయి. వాటికి కావాల్సింది వందల ఎపిసోడ్లు. రోజూ మలుపు, ఎపిసోడ్ చివర ఉత్కంఠ, కోటీశ్వరుడి రహస్య పెళ్లి. మూస పట్టుబడితే మనిషి కంటే యంత్రమే వేగంగా పోస్తుంది కాబట్టి ఈ రంగంలో రేట్లు పెరిగే అవకాశం తక్కువ. అయినా వీటిని తీసిపారేయలేం. కారణం ఏఐ కాదు, బడి. ఒడియా మీడియంలోనో మరాఠీ మీడియంలోనో చదివిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు సినిమా చూస్తారు, తెలుగు అక్షరం మాత్రం చదవలేరు. సరిహద్దు తెలుగు రచయిత చదివేవాళ్లను పోగొట్టుకున్నది యంత్రం రాకముందే. వినేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. చెవి కోసం రాయడం నేర్చినవాళ్లు, అంటే పొట్టి వాక్యం, పేర్లు మళ్లీ మళ్లీ గుర్తుచేయడం, ఊరి మాట అలాగే ఉంచడం తెలిసినవాళ్లు, స్థానిక వీడియో వార్తలకూ, ఆరోగ్యం, వ్యవసాయం మీద స్వచ్ఛంద సంస్థలు చేయించే ఆడియో పాఠాలకూ పనికొస్తారు. సంస్థల పనిలో డబ్బు కాస్త మెరుగు, ప్రాజెక్టు అయిపోగానే ఆగిపోతుందన్న టెన్షన్ తప్పదు.

ఇవన్నీ కలిపినా ఒక స్కూలు టీచర్ జీతం రావడం కష్టం. ఈ జిల్లాల్లో ఉంటూ, తెలుగులో మాత్రమే రాసి, దాంతోనే ఇల్లు నడపాలనుకుంటే ఇప్పటికి కుదరదు. గిడుగువారికీ నెల తిరిగేసరికి జీతం తెచ్చింది బడి ఉద్యోగమే. పక్కన ఇంకో ఆదాయం పెట్టుకుని రాయడాన్ని ఓటమిగా చూడటం నగరాల నుంచి వచ్చిన అలవాటు.

ఇక హక్కుల సంగతి. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి, ఏఐని రచయితగా చూపకూడదన్న షరతు సాధించుకున్నారు. వాళ్లకు సంఘం ఉంది. సరిహద్దు కంట్రిబ్యూటర్‌కు ఉన్నది కాపీరైట్ చట్టం, 1957. అది అనుకున్నంత బలహీనమైందేమీ కాదు. సెక్షన్ 17 ప్రకారం వేరే ఒప్పందం లేకుంటే జీతగాడైన విలేకరి రాసిన వార్తను పత్రికలో వేసుకునే హక్కు యజమానిది. కంట్రిబ్యూటర్‌ను ఉద్యోగిగా గుర్తించరు కదా, ఆ లెక్కన రాసిన కాపీ మీద మొదటి హక్కు అతనిదే అవుతుంది. ఉద్యోగి కాదనడంలో దొరికే ఏకైక లాభం ఇదేనేమో. అయితే వార్తలోని సమాచారానికి కాపీరైట్ ఉండదు, రాసిన తీరుకే ఉంటుంది. 1994లో చేర్చిన నిబంధన కంప్యూటర్ తయారుచేసిన రచనకు, దాన్ని తయారు చేయించిన వ్యక్తే రచయిత అంటుంది. అది నేటి ఏఐని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. తమ వార్తల్ని ఏఐ శిక్షణకు వాడుకున్నారంటూ ఏఎన్‌ఐ వార్తా సంస్థ 2024 నవంబర్‌లో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడంతో ఇలాంటి ప్రశ్నలు మన కోర్టుల ముందుకు వచ్చాయి.

కథల యాప్‌లో 'ఐ అగ్రీ' నొక్కేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారో రాయకపోతే సెక్షన్ 19 ప్రకారం అవి ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే కంపెనీలు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాయించుకోవడం మర్చిపోవు. ఆ మాట పక్కనే యంత్రంతో చదివించే హక్కు, ఇతర భాషల్లోకి మార్చుకునే హక్కు, ఏఐ శిక్షణకు వాడుకునే హక్కు కూడా అడుగుతున్నారేమో చూడాలి. ఒక్కోదానికి విడిగా రేటు అడగొచ్చు, ఇవ్వనని కూడా అనొచ్చు. హక్కులు రాసిచ్చేసినా, రచన తనదని చెప్పుకునే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు సెక్షన్ 57 కింద రచయిత దగ్గరే ఉంటాయి. పర్లాకిమిడి యాసలో రాసిన కథను అడగకుండా యంత్రంతో తిరగరాయించి వదిలితే నిలదీయడానికి చట్టంలో దొరికే ఆధారం అదే.